మామయ్యగారి టెస్టర్

"చెప్పులేసుకుని ముట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అన్నారు మావారు బాత్రూమ్ లోపల్నుంచి.

ఆ మాట అనడానికి ఆయన తలుపు తియ్యక్కర్లేదు. పొద్దున్నే వెనక వరండాలో నేను "అబ్బా" అన్నానంటే వాషింగ్ మెషిన్ మూత ఎత్తానని ఆయనకు తెలుసు. వేళ్ల కొసల దగ్గర మొదలై మోచేతి దాకా జివ్వున పాకుతుంది. మనిషిని పట్టి లాగేసేంత కాదు గానీ ఒళ్లు ఒక్కసారిగా ఉలిక్కిపడుతుంది, చేతిలో ఉన్న తువ్వాలు కిందపడుతుంది. పడిన తువ్వాలు ఆయనదే అయినా వంగి తీసుకోవాల్సింది నేనే.

నేను చెప్పులు వేసుకునే ఉన్నాను. ఆ సంగతి చెప్పలేదు. చెబితే "అయితే చేతులు తడిగా ఉండుంటాయి" అంటారు. తుడుచుకున్నానంటే "నేల తడిగా ఉందేమో చూసుకో" అంటారు. నేల కూడా పొడిగానే ఉందంటే "అయితే నీ నరాలే" అని తేల్చేస్తారు. అక్కడితో వాదన ముగిసిపోతుంది, ఎందుకంటే చేతుల్నీ నేలనీ తుడవగలను గానీ నరాల్ని తుడిచి ఆరబెట్టే గుడ్డ నా దగ్గర లేదు.

మామయ్యగారు పోయాక అత్తయ్య ఒంటరైపోతారని మేం ఈ ఇంట్లోకి మారాం. మామయ్యగారు దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు ఇది. వైరింగంతా ఆయన సొంత చేతులతో చేశారట. ఆ మాట చెప్పేటప్పుడు అత్తయ్య గొంతు కొంచెం సాగుతుంది. మగవాళ్లుండగా కరెంటు పనికి బయటివాణ్ణి పిలవడం ఈ ఇంట్లో నామోషీ. మామయ్యగారి తర్వాత ఆ హోదా మావారికి దక్కింది. ఆయన చేసేది పైపుల కంపెనీలో లెక్కల ఉద్యోగం, కానీ ఫ్యూజు పోయినా బల్బు పోయినా అత్తయ్యకు ఆయన "మా ఇంజనీరు". మా ఇంజనీరుగారు ఒక బల్బు మార్చాలంటే నేను స్టూలు పట్టుకోవాలి, మా అమ్మాయి చిట్టి టార్చి పట్టుకోవాలి, అత్తయ్య గుమ్మంలో నిలబడి "జాగ్రత్త నాన్నా" అంటూ ఉండాలి. పనయ్యాక ఆయనకు టీ కావాలి. టీ తాగి, "ఏముంది, రెండు నిమిషాల పని" అంటారు.

ఆయన దగ్గర మామయ్యగారి టెస్టర్ ఉంది. లోపలి దీపం కనబడేలా పసుపు రంగు పిడి, పిడి కొసన చుట్టలు చుట్టలుగా నల్లటేపు. షాక్ కొట్టకుండా మామయ్యగారే ఆ టేపు చుట్టారట. అలమరలో ఒక రేకు డబ్బాలో ఉంటుంది. నేనొకసారి దుమ్ము దులపడానికి ఆ డబ్బా తీస్తే "అది నీకెందుకు, అక్కడ పెట్టు" అన్నారు. దుమ్ముతో సహా అక్కడే పెట్టేశాను.

మెషిన్ షాక్ కొడుతోందని మొదటిసారి చెప్పినప్పుడు ఆయన పట్టించుకున్నారు, అబద్ధమెందుకు చెప్పాలి. ఆదివారం భోంచేసి, ఓ కునుకు తీసి, లేచి, డబ్బా పట్టుకుని వరండాలోకి వచ్చారు. టెస్టర్‌ని మెషిన్ మూతకు ఆనించారు, పక్కకు ఆనించారు, వెనక్కి ఒంగి అక్కడా ఆనించారు. దీపం వెలగలేదు.

"కరెంటే ఉంటే ఇది వెలగాలి. వెలిగిందా?"

"లేదు."

"మరి?"

ఆయన చిన్నపిల్లాణ్ణి తట్టినట్టు మెషిన్ నెత్తిన తట్టారు. "నన్నెందుకు కొట్టదో. నీ మీదే ఏదో పగున్నట్టుంది దీనికి" అని నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. "వాడు చూశాడుగా, ఇంకేం భయం లేదులే అమ్మాయ్" అని, తన బట్టలు తాను బకెట్లో నానబెట్టుకోవడానికి వెళ్లిపోయారు. అత్తయ్యకు మెషిన్ ఉతుకు నచ్చదు. మురికి వదలదంటారు. మోకాళ్ల నొప్పులతో మూలుగుతూనే పెరట్లో రాతిబండ మీద ఉతుక్కుంటారు.

ఆయన వెళ్లాక నేనూ మెషిన్ మీద చెయ్యి వేసి చూశాను. ఏమీ లేదు. చల్లగా, బుద్ధిగా ఉంది. మర్నాడు పొద్దున మళ్లీ జివ్వుమంది. నన్ను నిజంగా దెబ్బతీసింది అదే. ఎప్పుడూ కొట్టేదైతే చూపించగలను, ఎప్పుడూ కొట్టనిదైతే మర్చిపోగలను. పొద్దున పూట నేనొక్కదాన్నే ఉన్నప్పుడు కొట్టి, ఆదివారం మధ్యాహ్నం నలుగురి ముందూ ఊరుకుండేదాన్ని ఏమని చెప్పను? "పొద్దున్నే ఎందుకొస్తుందంటే నీకు నిద్ర చాలట్లేదు" అన్నారు మావారు. నిజమే, నిద్ర చాలదు. అందరికంటే ముందు లేచి గీజర్ స్విచ్ వేసి, పాలు కాచి, చిట్టికి డబ్బా కట్టి, ఆయన గడ్డం గీసుకుంటున్నంతసేపట్లో బట్టలు మెషిన్‌లో వేసి, "నీళ్లు కాగాయా?" అని లోపల్నుంచి కేక వినబడగానే వెళ్లి గీజర్ ఆపాలి. గీజర్ స్విచ్ బాత్రూమ్ బయట, వరండా గోడకు ఉంటుంది. ఆయన నీళ్లు ఆయన కాచుకునే వీలు లేకుండా కట్టారు ఇల్లు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరుగారు నన్ను అడిగిన ప్రశ్నలకు మావారు జవాబులు చెప్పారు. "వేళ్లలో తిమ్మిరి ఉంటుందా?" "పొద్దున పూట ఉంటుందండి." "ఆందోళన పడతారా?" "చిన్నదానికీ పెద్దదానికీ ఉలిక్కిపడుతుందండి." కరెంటు అన్న మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. నేను అనబోయాను. మావారి మొహం చూసి, నలుగుర్లో ఆయన్ని చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను. నరాలకు మాత్రలు రాసిచ్చారు. అవి వేసుకుంటే షాక్ తగ్గలేదు గానీ, షాక్ కొట్టిందని చెప్పాలన్న ఓపిక తగ్గింది. మాటకు మాట తొందరగా తోచేది కాదు. కూర మాడిన వాసన ఆలస్యంగా తెలిసేది. "చూశావా, ఇప్పుడు ఎంత నెమ్మదిగా ఉన్నావో" అని మావారు సంతోషించారు.

నేను చేసేది ఇంటి సామాన్లు అమ్మే కంపెనీలో, ఫోన్ల మీద ఫిర్యాదులు వినే ఉద్యోగం. హెడ్‌ఫోన్లు తగిలించుకుని వరసగా కూర్చుంటాం, అందరం ఆడవాళ్లమే. ఏ ఫిర్యాదుకు ఏం మాట్లాడాలో ఎదురుగా తెర మీద రాసి ఉంటుంది. ఫలానాది షాక్ కొడుతోందని ఎవరైనా ఆడమనిషి చెబితే మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న, "మేడమ్, ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే ఒకసారి ఫోనిస్తారా?" ఎందుకండీ అని చేరిన కొత్తలో సూపర్‌వైజరుని అడిగాను. "ఆడవాళ్లు గోరంతని కొండంత చేస్తారు. మనిషిని పంపిస్తే అక్కడేమీ ఉండదు" అన్నాడు. అవతల మగగొంతు వచ్చి "ఆఁ, ఏం లేదండీ, తడిచేత్తో పట్టుకుంది" అంటుంది. ఫిర్యాదు అక్కడితో మూసేస్తాం.

మాత్రలు మొదలెట్టాక ఆ కుర్చీలో నాకు కునుకు పట్టేది. ఒకరోజు ఫోన్లో మాట్లాడుతున్నావిడ "హలో, ఉన్నారా?" అని అరిస్తే గానీ మెలకువ రాలేదు. సూపర్‌వైజరు నా వెనకే నిలబడి ఉన్నాడు. "ఇంటి దగ్గర నిద్రపోకుండా ఏం చేస్తారో ఈ ఆడవాళ్లు" అన్నాడు. వరసంతా నవ్వింది, అలవాటుకొద్దీ నేను కూడా నవ్వాను. నా పక్క సీటావిడ ఒక్కతే నవ్వలేదు. నోరు ఆగదని మేం ఆవిణ్ణి రేడియో అంటాం. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాక సంగతంతా చెప్పించుకుంది.

"ఒసే, షాక్ కొట్టేది మెషినైతే మాత్రలు నువ్వు మింగడమేంటే? దానికి మింగించు" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి ఊరుకున్నాను. ఎవరో ఒకరు ఆ మాత్రం నా తరఫున మాట్లాడారన్న తృప్తితోనే ఆ రోజు గడిచిపోయింది.

ఎవరు చెప్పారో గానీ, నేను సీట్లో కునుకు తీస్తున్నానని మావారికి తెలిసింది. చాలా ప్రేమగానే చెప్పారు. "నెలాఖరుకి రాజీనామా ఇచ్చెయ్. నీ ఆరోగ్యం కంటే ఉద్యోగం ఎక్కువా? ఇంటిపట్టున ఉంటే నరాలు అవే సర్దుకుంటాయి." ఇంటిపట్టున అంటే ఆ మెషిన్ పక్కన. నాకు ఆ ఉద్యోగం గొప్పదని కాదు. కానీ రోజూ బస్సెక్కడం, నా సీటు, నా పేరున్న కప్పు, రేడియో కబుర్లు, ఇవన్నీ కలిపి నన్ను ఒక మనిషిగా నిలబెట్టేవి. అవి కూడా పోతే నరాలు తప్ప నాకేం మిగులుతుంది? అయినా సరేనన్నాను. మాత్ర వేసుకుని ఉన్నాను కదా, సరేననడం తేలిగ్గానే ఉంది.

నెలాఖరుకి ఇంకా వారముందనగా ఒక పొద్దున చిట్టి యూనిఫాం కోసం తొందరపడి తనే మెషిన్ మూత ఎత్తింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. దాని గొంతులోంచి చిన్న కీచు వినబడింది. పరిగెత్తుకెళ్లేసరికి అరచెయ్యి పొట్టకు అదుముకుని నిలబడి ఉంది. బాత్రూమ్ లోపల్నుంచి ఆయన నవ్వు. "వచ్చిందా నీక్కూడా? తల్లి పోలికే."

చిట్టి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నా వైపు చూసి చాలా మామూలుగా, "అమ్మా, నాకూ నీ జబ్బే వచ్చింది. నేను కూడా మాత్రలు వేసుకోవాలా?" అంది.

ఇది నా కూతురు. ఏడో తరగతి. ఖోఖోలో దీన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. దీని నరాలకేమొచ్చింది? అది అనుకున్న మరుక్షణం రెండో మాట తోసుకొచ్చింది. మరి నా నరాలకు మాత్రం ఏమొచ్చింది? ఆ రోజు మాత్ర వేసుకోలేదు. చిట్టిని మెషిన్ దరిదాపులకు రావద్దన్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు ఎదురుగా ఉన్న ఎలక్ట్రికల్ సామాన్ల షాపుకి వెళ్లి టెస్టర్ కావాలని అడిగాను.

"ఏ రకం కావాలో సార్‌కి ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి మేడమ్."

"సార్‌కి కాదండీ, నాకు."

షాపతను నన్నొకసారి, నా చేతి సంచినొకసారి చూసి, ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అట్టకు అంటించి ఉంది. అట్ట వెనక ఎలా వాడాలో బొమ్మలతో సహా వేశారు. మడత విప్పి చదవాల్సినంత పెద్దదేం కాదు, బస్సు వచ్చేలోపు చదివెయ్యొచ్చు. నేను ఆ సాయంత్రం బస్టాపులో చదివాను. చేతులూ కాళ్లూ పొడిగా ఉండాలి. రబ్బరు చెప్పులు ఉండాలి. ముందువైపు ఇనప కడ్డీని వేళ్లు తాకకూడదు. పిడి కొసనున్న లోహపు బిళ్ల మీద మాత్రం వేలు ఆనించి ఉంచాలి, వేలు ఆనకపోతే దీపం వెలగదు. అన్నిటికంటే ముందు, కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి, టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

వేలు ఆనకపోతే దీపం వెలగదు. ఆ వాక్యం మళ్లీ చదివాను. మామయ్యగారి టెస్టర్ కొసన చుట్టలు చుట్టలుగా ఉన్న నల్లటేపు కళ్ల ముందు కనబడింది. ఆ బిళ్లని ఎవరి వేలూ తాకకుండా భద్రంగా కప్పేశారు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో అది ఎక్కడ పెట్టినా వెలగలేదు, వెలగలేదు కాబట్టి ఎక్కడా కరెంటు లేదు. నాకు నవ్వొచ్చింది. బస్టాపులో ఒక్కదాన్నే అట్టముక్క పట్టుకుని నవ్వుతుంటే పక్కనున్నాయన కొంచెం దూరం జరిగాడు.

ఆదివారం దాకా ఆగాను. పొద్దున్నే, ఎప్పటిలాగే, గీజర్ వేశాను. ఆయన గడ్డం గీసుకోవడానికి లోపలికి వెళ్లారు. చిట్టి ముందు గదిలో టీవీ పెట్టుకుంది. అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతులు కడిగి, శుభ్రంగా తుడుచుకుని, ఆరేదాకా ఆగి, రబ్బరు చెప్పులు వేసుకున్నాను. ముందు టీవీ దగ్గరికి వెళ్లాను. టీవీ ప్లగ్గు పక్కనే ఇంకో జత కన్నాలున్నాయి, రెండు కన్నాలదే. అక్కడ కరెంటు ఉందని అందరికీ తెలుసు, చిట్టి తన ఫోను అక్కడే ఛార్జింగుకి పెడుతుంది. ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఎందుకంటే ఖాళీ చెయ్యి ఊరుకోదు, దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంది. టెస్టర్ కొన కుడి కన్నంలో పెట్టాను.

బిళ్ల మీద వేలు పెట్టడానికి ధైర్యం చాలలేదు. పిడి చివర, లోపల కరెంటు ఉన్నదాని మీద, కావాలని వేలు పెట్టడం. మామయ్యగారు టేపు ఎందుకు చుట్టారో ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఆయన కూడా భయపడ్డారు. భయమేస్తోందని చెప్పలేక టేపు చుట్టారు. నేను వేలు ఆనించాను. నాకేమీ కాలేదు, ఒక చిన్న చురుకు కూడా లేదు. పిడి లోపల దీపం నారింజ రంగులో వెలిగింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది చిట్టి.

"చూస్తున్నా. నువ్వు ఇక్కడే కూర్చో, వరండాలోకి రాకు."

వరండాలో నేల తుడిచి, పొడి పట్టా వేసి దాని మీద నిలబడ్డాను. మెషిన్ ఒంటి మీద ఒక చోట పెయింటు పోయి రేకు బయటపడి ఉంటుంది. టెస్టర్ కొన అక్కడ ఆనించి, బిళ్ల మీద వేలు పెట్టాను.

వెలిగింది.

టీవీ దగ్గరంత కాదు, కొంచెం తక్కువగా, కానీ నారింజ రంగే. తీసి మళ్లీ పెట్టాను. వెలిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగి దీపం రెండుగా కనబడింది. అప్పుడే లోపల్నుంచి కేక వినబడింది, "నీళ్లు కాగాయా? ఆపెయ్." టెస్టర్ పక్కన పెట్టి గీజర్ ఆపాను. అలవాటుగా. మళ్లీ మెషిన్‌కు ఆనించాను. దీపం వెలగలేదు. వేలు సరిగ్గా ఆనలేదేమోనని చూసుకున్నాను, ఆనే ఉంది. గీజర్ వేశాను. వెలిగింది. ఆపాను. ఆరిపోయింది. ఇంకోసారి వేసి చూశాను, వెలిగింది. గీజర్ ఆపేసి, టీవీ దగ్గరికి వెళ్లి టెస్టర్ బాగానే ఉందో లేదో మళ్లీ చూసుకుని వచ్చాను. బాగానే ఉంది.

వరండా గట్టు మీద కూలబడ్డాను. ఆయన నీళ్లు కాగుతున్నంతసేపూ నాకు షాక్ కొడుతోంది. ఆయన స్నానం చేసి, తిని, పడుకుని లేచాక కొట్టడం లేదు. ఇంతకాలం ఇంతే జరిగింది. హమ్మయ్య. ఆ మాట పైకే అన్నాను. నాకు జబ్బు లేదు. నా నరాలు వాటి పని అవి చక్కగా చేశాయి, ఉన్నది ఉన్నట్టు చెప్పాయి, ఇంట్లో ఎవరూ నమ్మకపోయినా రోజూ చెబుతూనే వచ్చాయి. నా చేతి వేళ్లను చూసుకున్నాను. వాటిని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకున్నాను కూడా, ఎవరూ చూడలేదులెండి.

అప్పుడు గుర్తొచ్చింది, ఆయన లోపల ఉన్నారు. ఆ గీజర్ కింద. లేచి తలుపు కొట్టాను.

"నీళ్లు ముట్టుకోకండి. కుళాయి ముట్టుకోకండి. బయటికి రండి."

"ఏంటి నీ గోల పొద్దున్నే?"

"గీజర్‌లోంచి కరెంటు లీకవుతోంది. రండి ముందు."

సగం మొహానికి సబ్బు నురగతో బయటికొచ్చారు. నా చేతిలో టెస్టర్ చూశారు. గీజర్ వేసి, మెషిన్‌కు ఆనించి వెలిగించి చూపించాను. ఆయన లోపలికి వెళ్లి, అలమరలోంచి రేకు డబ్బా తీసి, మామయ్యగారి టెస్టర్ తెచ్చారు. మెషిన్‌కు ఆనించారు. వెలగలేదు.

"చూడు. నాన్న టెస్టర్ వెలగట్లేదు. నువ్వు తెచ్చింది చవకరకం."

"అది పనిచేస్తోందో లేదో ముందు టీవీ దగ్గర చూడండి."

"నాన్న పెట్టిందే ఈ ఇంటి కరెంటంతా. నువ్వు ఆ టెస్టర్‌ని టెస్ట్ చేస్తానంటావా?"

"చెయ్యమనే అంటున్నాను."

నా గొంతులో ఏం వినబడిందో గానీ, వెళ్లారు. టీవీ పక్క కన్నంలో పెట్టారు. దీపం వెలగలేదు. ఇంకో కన్నంలో పెట్టారు. వెలగలేదు. టీవీ ప్లగ్గే పీకేసి ఆ కన్నాల్లోనూ పెట్టారు. అక్కడా వెలగలేదు. ప్లగ్గు మళ్లీ పెట్టేసరికి టీవీలో ఎవరో గట్టిగా నవ్వారు.

"నాన్నా, టీవీ ఆడుతోందిగా" అంది చిట్టి.

ఆయన ఆ టెస్టర్‌ని రెండుసార్లు విదిలించి చూశారు. గడ్డం మీది నురగ ఎండిపోతోంది. "ఆ టేపు తియ్యండి" అన్నాను, మెల్లగానే. గోటితో గీకి టేపు ఊడదీశారు. ఏళ్లనాటి జిగురు తుడిస్తే లోపల బిళ్ల తళతళ మెరుస్తోంది. ఆయన వేలు వెనక్కి తీసుకోవడం చూసి, ఎక్కడ ఆనించాలో చూపించాను. టీవీ దగ్గర మామయ్యగారి టెస్టర్ వెలిగింది, మెషిన్ దగ్గరా వెలిగింది.

"అంటే... ఇన్నాళ్లూ నిజంగానే కొట్టిందా?" అన్నారు.

"నిజంగానే."

మెయిన్ ఆపేసి, పక్క వీధి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. గుమ్మంలోకి రాగానే "సార్ లేరా అమ్మా?" అన్నాడు. "ఉన్నారు. విషయం మాత్రం నేను చెబుతా, వినండి" అన్నాను. విన్నాడు. గీజర్ లోపల కాయిల్ ఎప్పుడో పాడైందట. అలా లీకైన కరెంటు ఎవర్నీ పట్టుకోకుండా భూమిలోకి పంపించే ఎర్త్ తీగ ఒకటి ఉండాలి. వరండా బండల కింద అది తెగి, చక్కగా చుట్టచుట్టి పెట్టి ఉంది. బండలు వేయించేటప్పుడు అడ్డంగా ఉందని మామయ్యగారే కత్తిరించారని మావారికి అప్పుడు గుర్తొచ్చింది. దారి లేని కరెంటు, రెండిటికీ కలిపి ఉన్న ఆ తీగ వెంటే గీజర్ నుంచి మెషిన్ దాకా వచ్చి, అక్కడ నా చెయ్యి కోసం చూస్తూ కూర్చునేదన్నమాట. మధ్యాహ్నానికల్లా తీగ భూమిలోకి దిగింది, గీజర్ గోడ మీంచి దిగింది. ఎక్కడ లీకైనా దానంతటదే మెయిన్ ఆపేసే స్విచ్ కూడా పెట్టించాను.

గొడవేంటని అడగడానికి ఎదురింటాయన వస్తే మావారు గేటు దగ్గరే నిలబడి, "ఏం లేదండీ, ఎర్త్ పోయింది, కనిపెట్టాం" అంటున్నారు.

"కనిపెట్టింది కోడలురా" అన్నారు అత్తయ్య, లోపల్నుంచి, వీధి మొత్తానికీ వినబడేలా.

పొద్దుట్నుంచీ ఆవిడ పలికిన మొదటి మాట అదే. అంతవరకూ కుర్చీలోంచి కదల్లేదు. సాయంత్రం నేను వరండా కడుగుతుంటే తన బకెట్ పట్టుకుని వచ్చారు. నానబెట్టిన బట్టలు. పెరట్లోకి వెళతారనుకున్నాను. మెషిన్ ముందు ఆగి, చెయ్యి వెనక్కి తిప్పి, వేలి కణుపులు మాత్రం మెల్లగా దానికి ఆనించారు. తీసేశారు. మళ్లీ ఆనించారు. ఈసారి అరచెయ్యి మొత్తం వేసి అలాగే ఉంచారు.

"నాకూ కొట్టేదమ్మా" అన్నారు.

నేను చీపురు గోడకు ఆనించాను.

"కొన్న కొత్తలో. మీ మామయ్య టెస్టర్ పెట్టి చూసి, ఏమీ లేదు, నీది నరాల బలహీనత అన్నారు. ఆయనంత చదువుకున్నవాళ్లు అన్నాక నేనేమంటాను? నేనూ మాత్రలు మింగాను. చివరికి దాన్ని ముట్టుకోవడమే మానేశాను. మురికి వదలదని వంక పెట్టాను."

"మరి నాకు కొడుతోందని చెప్పినప్పుడైనా అనలేదేంటి అత్తయ్యా?"

"నీకూ అదే జబ్బు వచ్చిందనుకున్నా. ఆడవాళ్లకి వస్తుందేమోననుకున్నా" అన్నారు. ఆవిడ గొంతులో తప్పు చేశానన్న బాధ లేదు, ఆశ్చర్యమే ఉంది. "అంటే నాకూ ఏం లేదా?"

"ఏం లేదు అత్తయ్యా. మీకూ ఏం లేదు."

ఆవిడ ఒక పెద్ద ఊపిరి వదిలారు. ఎన్నేళ్లుగా పట్టి ఉంచారో. కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం ఆ వరండాలో, తడినేల మీద, మెషిన్‌కు చెరోపక్క చేతులు వేసి నిలబడ్డాం. తర్వాత ఆవిడ బకెట్‌లోని బట్టలు ఒక్కొక్కటీ పిండి మెషిన్‌లో వేశారు. "ఏది నొక్కాలో చెప్పు, నా మోకాళ్లు చచ్చిపోయాయి ఆ బండ దగ్గర" అన్నారు.

భోజనాల దగ్గర మావారు పళ్లెంలోకి చూస్తూ, "రాజీనామా సంగతి..." అని మొదలెట్టారు.

"ఇవ్వట్లేదు" అన్నాను.

"అదే, ఇవ్వక్కర్లేదనే అంటున్నా" అన్నారు. ఆయన ఏమనబోయారో నాకు తెలియదు, అత్తయ్య కూర గిన్నె ఆయన ముందు పెట్టిన తీరు చూసి మాట మార్చుకున్నారేమో. కరెంటు సంగతి డాక్టరుగారికి ఈసారి నేనే చెప్పుకుని, మాత్రలు మానేశాను. ఆయన నవ్వి, "ఆ మాట ముందే అనుండాల్సిందమ్మా" అన్నారు. కొత్త గీజర్ స్విచ్ బాత్రూమ్ తలుపు పక్కనే, మావారు చెయ్యి చాపితే అందేలా పెట్టించాను. ఇప్పుడు నీళ్లు ఆయనే కాచుకుంటున్నారు.

ఆఫీసులో నా సీటు నాకు కొత్తగా కనబడింది. మెలకువగా ఉంటే ఆ గది ఇంత వెలుతురుగా ఉంటుందని మర్చిపోయాను. కప్పు కడుక్కుని, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. రేడియోకి సంగతంతా చెబుతుంటే మధ్యలోనే లైను మోగింది.

ఆడగొంతు. తగ్గించి మాట్లాడుతోంది. వెనక ఎక్కడో చిన్నపిల్ల ఏడుపు, ఎవరో మగమనిషి దగ్గు.

"ఏమండీ, మా ఫ్రిజ్... ముట్టుకుంటే జివ్వుమంటోందండి. చెబితే ఇంట్లో నవ్వుతున్నారు. నేనే ఏదో భ్రమపడుతున్నానేమో కూడా..."

ఎదురుగా తెర మీద వాక్యం వెలిగింది. మేడమ్, ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే. వెనక సూపర్‌వైజరు నడుచుకుంటూ వస్తున్న బూట్ల చప్పుడు. రేడియో నా వైపే చూస్తోంది. నేను చదవలేదు. అవతల ఆవిడ మాత్రం ఆ ప్రశ్న ఎక్కడో ముందే విన్నట్టుంది, నేను అడక్కుండానే, "ఉండండి, ఆయన్ని పిలుస్తాను" అంది.

"అక్కర్లేదండి" అన్నాను. "షాక్ కొట్టింది మీకు కదా. మీరే చెప్పండి."